గద్య లేని వీడియోలు

"రెండేళ్లుగా ఎవరూ చూడని వీడియోలను కొత్తదాంట్లోకి ఎక్కించొద్దు." ఈ వారం నన్ను కలత పెట్టిన మాట ఇది. గోపాల్‌పేట చుట్టుపక్కల ఊళ్ల పొదుపు సంఘాలు కలిసి నడుపుకుంటున్న ఒక సమాఖ్య ఆఫీసులో విన్నాను. అన్నది చెడ్డ మనిషి కాదు. పని తొందరగా తెమలాలి, ఖర్చు తగ్గాలి, అంతే ఆయన ఆలోచన. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

వాళ్ల దగ్గరున్నవి సభ్యులకే చూపించుకునే శిక్షణ వీడియోలు. లెక్కల పుస్తకం ఎలా రాయాలి, బ్యాంకు లింకేజీ అప్పుకు ఏయే కాగితాలు కావాలి, పల్లికాయకు బూజు పట్టకుండా ఎలా ఆరబెట్టాలి, కందిలో కాయతొలుచు పురుగు కనిపిస్తే ఏం చేయాలి, ఇలాంటివి. కొన్నింట్లో బయటి నుంచి వచ్చిన అధికారులు మాట్లాడతారు. మంచివి మాత్రం సభ్యులు మాట్లాడినవే. అప్పు ఎట్లా తీరిందో, ఎందుకు తీరలేదో ఒకామె చాప మీద కూర్చుని చెబుతుంటే చుట్టూ ఇరవైమంది వింటుంటారు. మొదట్లో చిన్న టేపుల మీద, తర్వాత మెమరీ కార్డుల్లో, ఆ తర్వాత సెల్‌ఫోన్లలో తీశారు. మధ్యలో ఒక కుర్రాడు పూనుకుని అన్నింటినీ ఒక ఆన్‌లైన్ ఖాతాలో పెట్టి, లింకులు వాట్సాప్ గ్రూపుల్లో పంచాడు. ఆ కుర్రాడు ఉద్యోగం మారి వెళ్లిపోయాడు. ఖాతా ఆయన ఫోన్ నంబరు మీదే ఉంది. చందా కూడా పెరిగింది. అందుకని ఇప్పుడు సామాను సర్దుకుని కొత్త చోటికి పోవాలి.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పట్టు తెలుసు. చెరువుల పేర్ల గురించి రాసిన వారమూ, రికార్డు గదుల గురించి రాసిన వారమూ అదే చెప్పాను: ఏ వస్తువు దాచినా దాని మీద పేరు, ఊరు, తేదీ రాసి పెట్టాలి. ఆ కంప్యూటర్లో ఫైళ్ల పేర్లు చూస్తే ప్రాణం ఉసూరుమంది. కొన్ని కెమెరా తనంతట తాను పెట్టిన అంకెలు, మిగతావి వాట్సాప్ పెట్టిన పేర్లు. వాట్సాప్ పేరులో కనిపించే తేదీ వీడియో తీసిన తేదీ కాదు, పంపినదో అందినదో అయిన తేదీ. పైగా మామూలుగా అట్లా వచ్చిన వీడియో కుదించినదై ఉంటుంది. అసలుది తీసినవాళ్ల ఫోన్లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఎవరు మాట్లాడుతున్నారు, ఏ ఊరు, ఏ సంవత్సరం? తెరిచి చూస్తే తప్ప తెలియదు. ఆ మనుషులను ఎరిగినవాళ్లు పక్కన లేకపోతే చూసినా తెలియదు.

పెద్ద సంస్థలకూ ఈ తంటా తప్పలేదు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో పనిచేసే మన పిల్లల్ని అడగండి, మైక్రోసాఫ్ట్ స్ట్రీమ్ సంగతి చెబుతారు. సంస్థలు తమ లోపలి వీడియోలు దాచుకునేందుకు 2017లో వచ్చిన వేదిక అది. కొన్నేళ్లకు దాన్ని మూసేస్తామనీ, షేర్‌పాయింట్ మీద నడిచే కొత్త స్ట్రీమ్‌కు మారమనీ చెప్పారు. పాతది 2024 ఏప్రిల్ 15న ఆగిపోయింది. తరలింపులో వీడియో వెళ్లింది, శీర్షిక వెళ్లింది. వీడియో కింద సిబ్బంది రాసుకున్న వ్యాఖ్యలు వెళ్లలేదు. ఇక్కడ చెప్పిన పద్ధతి ఇప్పుడు వర్తించదు సుమా అని అనుభవమున్న మనిషి రాసిన ఒక్క వాక్యం కొన్నిసార్లు వీడియో మొత్తం కంటే విలువైనది. యూట్యూబ్‌లోనూ అలాంటిదే జరిగింది. లింకు ఉన్నవాళ్లకే కనబడేలా అన్‌లిస్టెడ్‌గా పెట్టుకోవడం చాలా చిన్న సంస్థలకు అలవాటు. 2017కు ముందు అలా పెట్టినవాటిని, యజమాని వద్దని చెబితే తప్ప, 2021 జూలైలో ప్రైవేటుగా మార్చారు. భద్రత కోసం చేసిన మార్పు, కారణం న్యాయమైనదే. కానీ ఆ కబురు చూసుకోని సంస్థలు పంచిన లింకులన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి.

వేదిక పరాయిదైనప్పుడు ఏమవుతుందో పాలమూరు పల్లెలు యాభై ఏళ్ల కిందటే చూశాయి. 1975 ఆగస్టు 1న మొదలైన సైట్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 పల్లెలకు ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ వచ్చింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలూ వాటిలో ఉన్నాయి. కోళ్ల దొడ్లకు వాడే ఇనుప వలతో చేసిన పదడుగుల యాంటెన్నా, ఊరందరికీ ఒకే టీవీ. రోజుకు నాలుగు గంటలు: పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. కార్యక్రమాలు తయారుచేసిన కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. ఉపగ్రహం మాత్రం నాసాది, ఏడాది కోసం ఎరువు ఇచ్చినది. 1976 జూలై 31న గడువు తీరింది, ఉపగ్రహం వెనక్కి పోయింది. ఆ తర్వాత మన సొంత ఉపగ్రహాలు వచ్చాయి, ఉమ్మడి రాష్ట్రంలో 'మన టీవీ' అనే పాఠాల ఛానెల్ వచ్చింది, తెలంగాణలో 2017 నుంచి అది టీ-శాట్ అయింది. ఉపగ్రహం మీద నడిచిన పాఠాలు ఇవాళ యాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ ఉన్నాయి. వాటి కింది నేల మళ్లీ మారదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

వనపర్తి ప్రాంతంలో ఉండి ఇలాంటి మాటలు మాట్లాడుకుంటూ మానవల్లి రామకృష్ణకవిని తలచుకోకుండా ఉండటం నాకు చేతకాదు. మద్రాసులో చదువుకున్న మనిషి. వనపర్తి సంస్థానం ఆయనకు నీడనిచ్చింది. గోపాల్‌పేట, గద్వాల, జటప్రోలు, ఆత్మకూరు సంస్థానాలన్నీ చుట్టుపక్కలే, పండితుల రాకపోకలకు పేరుపడ్డ నేల ఇది. పాత తాటాకు కట్టలు విప్పి, ఏముందో చదివి, అచ్చులోకి తేవడం ఆయన జీవితమంతా చేసిన పని. ఆ ప్రతులు చదవడం ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుసు. గంటంతో గీసిన గీతలో మసి పూస్తే తప్ప అక్షరం పైకి తేలదు. పదానికీ పదానికీ ఎడం ఉండదు. మూల విరిగిన చోట పద్యంలో ఒక పాదమే పోతుంది. పురుగు తొలిచిన చోట ఏ అక్షరం ఉండేదో ఛందస్సును బట్టి ఊహించాలి. 1909లో ఆయన నన్నెచోడుడి కుమారసంభవాన్ని అచ్చు వేశారు. అప్పటిదాకా తెలుగు సాహిత్య చరిత్రలో ఆ కవికి చోటే లేదు. వందల ఏళ్లు ఎవరూ చదవని కావ్యం ఒక్కసారిగా పండితుల చేతుల్లోకి వచ్చింది. అదే మనిషి తర్వాత భరతుడి నాట్యశాస్త్రాన్ని అభినవగుప్తుడి వ్యాఖ్యతో పరిష్కరించారు. మొదటి సంపుటం 1926లో బరోడా నుంచి వెలువడింది. దేశమంతటా నాట్యం మీద పరిశోధన చేసేవాళ్లు ఇవాళ్టికీ ఆ పుస్తకం దగ్గరికి పోవాల్సిందే.

తాటాకు మన ఎండకూ, వానకూ, చెదలకూ కొన్ని వందల ఏళ్లకు మించి ఆగదు. నన్నయ చేతి ఆకు ఒక్కటీ మనకు దక్కలేదు. మనం చదివే భారతం, ప్రతిని చూసి ప్రతి, దాన్ని చూసి ఇంకో ప్రతి, అట్లా చేతులు మారి వచ్చినదే. ఎవరో ఒకరు కూర్చుని ఎత్తి రాసినవి బతికాయి, ఎత్తి రాయనివి పోయాయి. ఎత్తి రాసేవాళ్లకు దారి తప్పకుండా కవులు ఒక ఏర్పాటు చేసి పెట్టారు: ఆశ్వాసం చివర గద్య. కవి ఎవరు, ఎవరి కొడుకు లేదా ఎవరి శిష్యుడు, కావ్యం పేరేమిటి, ఇది ఎన్నో ఆశ్వాసం, అన్నీ అందులోనే. ఆ చీటీ కట్టకు బయట వేలాడదు, కావ్యం లోపలే ఉంటుంది. కట్ట విడిపోయినా, అట్టలు మారినా, ఊరు మారినా ఊడిపోదు. ఆ పైన లేఖకుడు కూడా ఏ సంవత్సరం, ఏ తిథిన, ఎవరి కోసం రాశాడో చివరన చేర్చేవాడు. నన్నెచోడుడి పేరు అట్లాగే దక్కింది, కాలం దక్కలేదు. నన్నయకు ముందువాడని మానవల్లి వారు, కాదని ఎందరో పండితులు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. అసలు ఆ కావ్యం అంత పాతదేనా అని అనుమానపడ్డవాళ్లూ ఉన్నారు. ఒక్క తేదీ లేకపోతే ఎంత పెద్ద తగవో చూడండి.

రెండేళ్ల నియమం పెట్టి ఉంటే కుమారసంభవం ఏనాడో చెత్తబుట్టలో పడేది. కాబట్టి మళ్లీ ఆ ఆఫీసుకు వెళ్లినప్పుడు నా మనసులో ఉన్నది ఒకటే: అన్నీ తీసుకుపోవాల్సిందే, ఒక్కటి కూడా వదలొద్దు. ముందు సభ్యులను కూర్చోబెట్టి చూపిద్దాం, పేర్లు రాసుకుందాం అన్నాను. ఒప్పుకున్నారు. వీడియో మొదలైన నిమిషంలోనే మనిషి పేరు, ఇంటిపేరు, ఊరు, ఆ ఏడు వానలు పడ్డాయా లేదా, ఆ వెనక కనబడే చింతచెట్టు ఎప్పుడు కొట్టేశారు, అన్నీ గడగడా చెప్పుకొచ్చారు. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయికి రాసుకోవడానికి చేతులు చాలలేదు.

అంతలో ఒక వీడియోలో తనను తాను చూసుకున్న ఒకామె లేచి నిలబడింది. పాతదే, ఇంట్లో తాగుడు గురించీ, దానివల్ల కట్టలేకపోయిన కిస్తీల గురించీ అప్పట్లో మనసు విప్పి చెప్పింది.

"నాది తీసెయ్యున్రి సార్. ఆ ముచ్చట అప్పట్ల మా సంఘపోళ్లకు జెప్పిన. ఇప్పుడు నా బిడ్డ అత్తగారింట్ల జూస్తే ఎట్ల?"

పక్కనున్న ఆమె "ఔ అక్కా, నువ్వనేది నిజమే" అంది. ఎవరూ ఎదురు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. కొత్త వేదికల్లో ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు అన్న తాళాలు పాతవాటిలా ఉండవు. ఒక గదిలో ఇరవైమందిని నమ్మి చెప్పిన మాట, తరలింపులో ఒక్క మీట తప్పు నొక్కితే లింకు చేతికొచ్చిన ప్రతివాడి ముందుకూ పోతుంది. ఇంకొక వీడియోలో కంది పురుగుకు ఎండోసల్ఫాన్ కొట్టమని చెబుతున్నారు. 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఆపించిన మందు అది. తీసిననాటికి ఆ సలహా మామూలుదే. తేదీ చెప్పకుండా ఇవాళ కొత్త ఖాతాలోకి ఎక్కిస్తే అది తప్పుడు సలహా.

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు కెమెరా పట్టడం నేర్చుకున్నప్పుడు షాట్లకు తమ పేర్లు తామే పెట్టుకున్నారు. ఒకటి పటేల్ షాట్, కళ్లకు కళ్లు సమానంగా ఉంటే సంఘం షాట్. ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్న తీర్పు కూడా అట్లా సమానంగా కూర్చున్నవాళ్లదే కావాలి. దూరాన ఉన్న ఆఫీసులో చూపుల లెక్క చూసి ఒకరు తేల్చేది కాదు. అన్నీ దాచాల్సిందేనని పట్టుబట్టే నాలాంటివాళ్లు తేల్చేదీ కాదు. ఆమె వీడియోను తీసేశారు. ఎండోసల్ఫాన్‌ది శిక్షణలో చూపకుండా, సంవత్సరం రాసి విడిగా పెట్టారు. తీసేసినవి ఏవి, ఎందుకు అన్న జాబితా మినిట్స్ పుస్తకంలో ఎక్కింది. ఇది సరైన పద్ధతి అని నా నమ్మకం. మార్పు రాకపోతే ఆ పెట్టెలు ఎవరూ తెరిచేవారు కాదు, ఆమె వీడియో ఆమెకు తెలియకుండా అట్లాగే ఉండిపోయేది. తరలింపు అంటే పోగొట్టుకోవడమే అనేవాళ్లతో నేనిక ఏకీభవించను. కొన్నేళ్లకోసారి ఇల్లు మారడమే మంచిది.

పని చేసేవాళ్ల కోసం కొన్ని సంగతులు. పాత టేపు కంప్యూటర్లోకి దిగాలంటే టేపు ఎంత నిడివి ఉందో అంత సేపు పడుతుంది, తొందరపెట్టే దారి లేదు. గంట మినీడీవీ టేపు దాదాపు 13 జీబీ అవుతుంది. సెకనుకు 5 మెగాబిట్ల వేగంతో పంపితే ఆరు గంటల పని. వేదిక నుంచి దింపుకున్నది చాలాసార్లు ఆ వేదిక కుదించి పెట్టుకున్న కాపీయే, అందుకని అసలు టేపులు, కార్డులు పారేయొద్దు. పాత లింకుకు ఎదురుగా కొత్త లింకు రాసిన పట్టిక ఒకటి ఉండాలి. వెళ్లిన ఫైళ్ల సంఖ్య, నిడివి రెండువైపులా సరిచూసుకున్నాకే పాత ఖాతా మూయాలి. ఖాతా సంఘం పేరు మీద, కనీసం ఇద్దరి చేతుల్లో ఉండాలి.

ఇక ముందు తీసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. కెమెరా ఆపే ముందు మాట్లాడిన మనిషి చేతనే తన పేరు, ఊరు, తేదీ, ఎవరి కోసం చెప్పారో నోటితో చెప్పించండి. శీర్షిక పోయినా, ఫైలు పేరు మారినా అది వీడియోతోనే పోతుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల జిల్లాల్లో ఏ సంఘం బీరువాలోనైనా పాత శిక్షణ టేపులు ఉంటే ఈ ఏడే బయటికి తీయండి, అందులో కనబడేవాళ్లను పిలిచి చూపించండి. ఆ టేపులు ఆడించే కెమెరాల తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది.