ఇంటి దర్వాజ

ఇల్లు. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ మాట ఎంత గట్టిదో పలికి చూడండి. నాలుక రెండు లకారాల మీద ఒత్తి ఆగుతుంది. వెనకాల దర్వాజ వచ్చి నిలబడిందా, ఇక ఇల్లు ఇల్లుగా ఉండలేదు. ఇంటి దర్వాజ! లకారాలు కరిగి సున్న అయ్యాయి, టకారం మొలిచింది, కొసన ఇకారం పూసింది. దర్వాజలో మాత్రం ఒక్క అక్షరమూ కదల్లేదు. సొమ్ము గలవాడే వంగడం, సొమ్ము నిటారుగా నిలబడటం: తెలుగులో నాకు తనివి తీరని అందం ఇదే.

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఈ ఇ, టి, తిలను ఔపవిభక్తికాలన్నాడు. పేరు పలకడానికి నోరు తిరగదు గానీ, అవి చేసే పని చూడండి: నోటి మాట, కంటి చూపు, చేతి గాజు, రోటి పచ్చడి. (పాతబస్తీలో హోటల్ బోర్డు మీద 'రోటి' అని ఉంటే ఆశపడకండి, అది తందూరుది. నేనోసారి మోసపోయాను.) కోస్తావాళ్లకు నూతి నీళ్లున్నాయి. మాకు బాయి నీళ్లే. బాయి మారదు, ముందు నిలబడి ఊరుకుంటుంది.

భాషాశాస్త్రవేత్త జోహానా నికొల్స్ 1986లో ప్రపంచ భాషలను చూసింది ఈ కంటితోనే: సొంతం చెప్పే గుర్తు సొంతదారు మీదా, సొమ్ము మీదా? మా హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఆ ప్రశ్నకు పుస్తకం అక్కర్లేదు. దక్కనీలో 'ఘర్ కా దర్వాజా', కిటికీ అయితే 'ఘర్ కీ ఖిడ్కీ'. గుర్తు ఇంటిదే, చూపు మాత్రం సొమ్ము మీద. అది ఆడదా మగదా అని చూసుకుని గాని నోరు విప్పదు. నిజాం కాలపు దర్బారు భాష ఫార్సీలో 'దర్-ఎ-ఖానా': గుర్తు తలుపు మెడలోనే పడింది.

గుట్ట పక్కనే బార్కాస్. హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయిల బ్యారక్సే జనం నోట అలా అయింది. అరబ్బీ గ్రంథభాషలో ఇల్లు 'బైతు'. ఇంటి తలుపు? 'బాబుల్ బైతి'. బైతు బైతి అయింది, ఇల్లు ఇంటి అయింది! ఈ రెండు భాషలకూ చుట్టరికం లేదు, అయినా ఒకే ఇకారం మీద వచ్చి వాలాయి. వీధి అరబ్బీ ఆ ఇకారాన్ని ఎప్పుడో రాల్చేసుకుంది. మన వీధి తెలుగు నేటికీ వదల్లేదు.

వంగిన ఆ రూపమే తక్కిన విభక్తులకు పీట. ఇంటికి, ఇంట్లో, ఇంటి నుంచి. నా, నాకు, నాతో. ఉర్దూ పుస్తకంలో 'ముఝే' ఉన్నచోట హైదరాబాదీ 'మేరేకు' అంటాడు. ఆ 'కు' మనది కాదు, 'కో'కు తమ్ముడు. కానీ దాన్ని 'మేరే' మీద కూర్చోబెట్టిన తీరు నా చెవికి అచ్చం 'నాకు'.

ఇంత సొగసు చేతిలో ఉంచుకుని దరఖాస్తుల్లో 'ఇంటి యొక్క నంబరు' అని రాస్తారు. వంగినవాడి నెత్తిన మళ్లీ బండరాయి! ఈసారి అలాంటి కాగితం మీ చేతికొస్తే ఆ 'యొక్క'ను కొట్టేసి నింపండి.