శాపం గచ్చు కింద ఉంది

పోయిన నెలలో పల్నాడు వైపు ఒక పాత శివాలయానికి వెళ్లాను. వెంట ఉన్నది శాసనాల మీద ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైన పెద్దాయన. ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు గానీ అందరూ మాస్టారనే పిలుస్తారు. ముఖమండపంలో ఒక స్తంభం మీద అక్షరాలున్నాయని ఊరి కుర్రాడొకడు ఫోన్లో ఫోటో పంపాడు. ఫోటోలో అక్షరాల కంటే పసుపూ కుంకుమే ఎక్కువ కనిపిస్తున్నాయి. చూద్దాం పదండంటే మాస్టారు సంచీ సర్దుకుని బయల్దేరారు.

శాసనానికి అచ్చు తీయడం నేను చూడటం అదే మొదటిసారి. ముందు నీళ్లు. రాతికి పట్టిన నూనె జిడ్డు, సున్నం మెల్లగా కడగడానికే గంట పట్టింది. ఇనుప బ్రష్ ముట్టుకోనివ్వలేదు. తరవాత తడిపిన కాగితం రాతికి అంటించి, గట్టి కుచ్చుల బ్రష్‌తో పైనుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చారు. చిరగకూడదు, కానీ కాగితం ప్రతి అక్షరం గుంటలోకీ దిగాలి. ఆ చప్పుడికి గర్భగుడిలోంచి పూజారిగారు వచ్చి, "ఏమండీ, రాయి చెడదు కదా?" అన్నారు. "మీరు వేసిన పెయింటుకే చెడలేదు స్వామీ, కాగితానికి చెడుతుందా!" అన్నారు మాస్టారు. కాగితం సగం ఆరాక, మసీ జిగురూ కలిపిన సిరాలో గుడ్డ మూట ముంచి పైపైన అద్దారు. రాతి మట్టం నల్లబడింది. గుంటల్లోకి దిగిన అక్షరాలు తెల్లగా మిగిలాయి. అంతసేపూ రాతి మీద గీతల్లా ఉన్నవి ఒక్కసారిగా తెలుగైపోయాయి.

చదివితే కథ మామూలుదే. ఎవరో ఒకాయన అఖండ దీపానికి గొర్రెలిచ్చాడు. వాటిని తీసుకున్న బోయ, అంటే కాపరి, రోజూ మానెడు నెయ్యి పోయాలి. ఇలాంటి దీపదానాలు ఒక్క ద్రాక్షారామ భీమేశ్వరాలయంలోనే వందల్లో ఉన్నాయి. మామూలుదే గానీ, మేం చూసిన గుడి ఎవరి సొమ్ముతో నిలబడిందో, నెయ్యి ఎవరి చేతి మీదుగా వచ్చిందో చెప్పే దస్తావేజు అదొక్కటే. స్థల పురాణంలో దేవతలుంటారు, గొర్రెల లెక్క ఉండదు.

పదునాలుగు పంక్తులు వచ్చాయి. పదిహేనోది సగానికి తెగిపోయి గ్రానైట్ బిళ్లల్లోకి దిగిపోయింది. పోయిన ఉగాదికి గుడి కమిటీవారు దాతల విరాళాలతో కొత్త గచ్చు వేయించారట. శాసనాల్లో సాధారణంగా చివర వచ్చేది శాపం. ఈ ధర్మానికి కీడు చేసినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని. అది గచ్చు కింద ఉంది. కమిటీవారు చదివే అవకాశం లేదు.

వాళ్లను తిట్టాలని లేదు నాకు. గుడి బాగుండాలనే చేశారు. గుడి బాగుచేయడమంటే బిళ్లలు, రంగులు అని మనందరి మనసులోనూ ఉంది. గుప్తనిధుల కోసం అర్ధరాత్రి శాసనాల రాళ్లు పెకలించేవాళ్లతో పోలిస్తే వీళ్లు దేవుళ్లే.

తిరుగు ప్రయాణంలో అమరావతి మీదుగా వచ్చాం. బౌద్ధుల మహాస్తూపం ఉన్న చోట ఇప్పుడు మిగిలింది గుండ్రటి వేదికా, కొన్ని పలకలూ. ఊళ్లోవాళ్లు దీపాలదిన్నె అనేవారు దాన్ని. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు ఇటుకలూ రాళ్లూ ఆ దిన్నెలోంచే తీశారు. అమరావతి పాలరాయి అంటాం గానీ అది పల్నాటి సున్నపురాయి. కాలిస్తే సున్నమవుతుంది. చాలా పలకలు అలాగే బట్టీల పాలయ్యాయంటారు. 1798లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ తొలిసారి వచ్చి చూశాడు. మళ్లీ 1816లో వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వేశారు. అప్పుడతను చేసిన పనుల్లో ముఖ్యమైనది ఒకటి: సర్వేవాళ్లనూ చిత్రకారులనూ కూర్చోబెట్టి, ఎన్నో పలకలను కొలిచి గీయించాడు.

ఆ బొమ్మల పుస్తకం ఇప్పుడు లండన్లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో గీసిన పలకల్లో కొన్ని ఆ తరవాత ఎక్కడా దొరకలేదు. వాటికి ఇప్పుడు బొమ్మే రాయి. దీనికి సరిగ్గా ఎదురు సంగతి 1880లో జరిగింది. మద్రాసు గవర్నరు ఉత్తర్వుతో దిన్నె మొత్తం తవ్వించేశారు. ఏ పలక ఎక్కడ దొరికిందో సరిగా రాసుకోలేదు. మరుసటేడు పురావస్తు అధికారి జేమ్స్ బర్జెస్ వచ్చి చూస్తే, రాళ్లున్నాయి, వాటి చోటు ఏదో చెప్పేవాళ్లు లేరు. అమరావతి రాళ్లు ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ భద్రంగానే ఉన్నాయి. ఏ పలక పక్కన ఏ పలక నిలబడిందో తేల్చడానికి మాత్రం పండితులు ఈనాటికీ తంటాలు పడుతున్నారు. విగ్రహాలు లండన్ నుంచి వెనక్కి రావాలని మనం గట్టిగా అడుగుతాం, అడగాల్సిందే. రాసుకోకపోవడం వల్ల పోయినదాన్ని ఎవర్ని అడుగుతాం?

దారిలో మాస్టారు కాగితాన్ని చుట్ట చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు. "అచ్చు తీసిన ప్రతిదీ అచ్చయిపోదండీ. ముందు ఎవరైనా చదవాలి, తరవాత నంబరు పడాలి, ఆ తరవాత గదా పుస్తకం," అన్నారు. దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో తెలుగు శాసనాలకు కేటాయించిన పదో సంపుటం వచ్చింది 1948లో. దానికోసం తిరిగినవాళ్లెవరూ ఇప్పుడు లేరు. వాళ్లు చూసిన రాళ్లలో ఎన్ని రంగు కింద ఉన్నాయో, ఎన్ని బట్టలుతికే బండలయ్యాయో.

మీ ఊరి గుడికి జీర్ణోద్ధరణ అనుకుంటున్నారా? మేస్త్రీని పిలిచే ముందు ఒక సాయంత్రం వెళ్లి, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ప్రతి స్తంభానికీ, గడపకీ ఫోటో తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టండి. అక్షరాల్లో సుద్ద రుద్దకండి. ఆ ఫోటోలు పురావస్తు శాఖకు పంపి, వాళ్లొచ్చి అచ్చు తీసేదాకా గచ్చు ఆపండి.