రాజుకు హద్దులు రాసిన దస్తావేజు

1689 ఫిబ్రవరి 13న లండన్ వైట్‌హాల్‌లోని బాంక్వెటింగ్ హౌస్‌లో, రూబెన్స్ బొమ్మలున్న కప్పు కింద ఉభయ సభల సభ్యులూ చేరారు. వారి ఎదుట ఆరెంజ్ రాకుమారుడు విలియం, ఆయన భార్య మేరీ ఉన్నారు. ప్రభువుల సభ కార్యదర్శి ఒక ప్రకటన చదివాడు. దాన్ని ఆసాంతం వినిపించాకే హాలిఫాక్స్ ప్రభువు ముందుకొచ్చి, కిరీటం స్వీకరించమని ఆ దంపతులను కోరాడు. నలభై ఏళ్ల కిందట, 1649 జనవరి 30న, ఇదే భవనం ముందు కట్టిన వేదిక మీద మొదటి చార్లెస్ తల నరికారు. ఆ చార్లెస్ మేరీకి తండ్రి తండ్రి, విలియంకు తల్లి తండ్రి. వారిది మన భాషలో చెప్పాలంటే మేనరికం. ఇంగ్లండ్ సింహాసనం పోగొట్టుకున్న రెండవ జేమ్స్ విలియంకు మేనమామ, పైగా పిల్లనిచ్చిన మామ.

కిరీటానికి ముందు చదివిన ఆ ప్రకటనే తర్వాత హక్కుల బిల్లు అయింది. మన పాఠ్యపుస్తకాలు దీన్ని ‘రక్తపాతం లేని విప్లవం’ అనే శీర్షిక కింద రెండు పేరాల్లో ముగిస్తాయి. విలియం 1688 నవంబరు 5న టోర్బేలో దిగడం, జేమ్స్ పారిపోవడం, పార్లమెంటు గెలవడం అందులో ఉంటాయి. ఆ గెలుపును కాగితం మీద నిలబెట్టిన చేతుల గురించి మాత్రం ఎక్కడా ఉండదు. నాకు ఆ రాత అంటే గౌరవం. చట్టం ఎలా రాయాలో నేర్చుకోవాలనుకునేవారికి దీన్ని మించిన పాఠం అరుదని నా నమ్మకం.

ముందుగా వారి ఇబ్బంది ఏమిటో చూడాలి. ఆ దేశంలో రాజు పంపే పిలుపు లేకుండా పార్లమెంటు కొలువు తీరదు. ఆ సంగతి జేమ్స్‌కు బాగా తెలుసు. 1688 డిసెంబరు 11 తెల్లవారకముందే పారిపోతూ, కొత్త పార్లమెంటు ఎన్నికల కోసం సిద్ధం చేసిన ఆజ్ఞాపత్రాలను తగలబెట్టించాడు. రాజముద్రను థేమ్స్ నదిలో పారేశాడు. కెంట్ తీరంలో జాలర్లు పట్టుకుని వెనక్కి తెచ్చినా, పన్నెండు రోజులకు మళ్లీ తప్పించుకుని ఫ్రాన్స్ చేరాడు. అప్పుడు రాజు లేడు, ముద్ర లేదు, పిలుపు లేదు. 1689 జనవరి 22న సమావేశమైన సభ తనను పార్లమెంటు అని పిలుచుకోలేక ‘కన్వెన్షన్’ అని చెప్పుకుంది. చట్టం చేసే అధికారమే సందేహంలో ఉన్నవాళ్లు రాజు అధికారానికి హద్దు గీయాలి!

జనవరి 29న కామన్స్ సభలో ఫాక్‌లండ్ ప్రభువు లేచి, సింహాసనం మీద ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చేముందు ఆ కూర్చునేవాడికి ఏ అధికారం ఇస్తున్నామో తేల్చుకుందామన్నాడు. వెంటనే ఒక సంఘం వేశారు. జార్జ్ ట్రెబీ నాయకత్వంలో అది ఫిర్యాదుల జాబితా తయారుచేసింది. జాబితా పెరిగి ఇరవై ఎనిమిది అంశాలకు చేరింది. న్యాయమూర్తులను రాజు ఇష్టం వచ్చినప్పుడు తీసెయ్యకూడదనీ, ఒకే పార్లమెంటును ఏళ్ల తరబడి సాగదీయకూడదనీ, రాజద్రోహ విచారణల పద్ధతి మారాలనీ అందులో ఉంది. అన్నీ న్యాయమైన కోరికలే.

అసలు పనితనం ఇక్కడే మొదలైంది. వారు ఆ జాబితాను రెండుగా విడదీశారు. కొత్త చట్టం చేస్తేగాని దక్కనివి ఒక పక్క, ఇప్పటికే దేశపు చట్టంలో ఉండి రాజు తొక్కేసినవి మరో పక్క. చివరికి మొదటి రకాన్ని పక్కనపెట్టి రెండో రకాన్నే ఉంచారు. ముప్పై ఏడేళ్ల జాన్ సోమర్స్ నడిపిన సంఘం దాన్ని సానపట్టింది. మంచి కోరికల్ని వదులుకోవడం ఎంత కష్టమో ఏదైనా తీర్మానం రాసినవారికి తెలుసు. వీరు వదులుకున్నది మాత్రం పిరికితనంతో కాదు. కొత్త చట్టం చేసే అర్హత తమకు ఉందా అని ఎవరైనా అడగవచ్చు. పాత హక్కు ఉందని చెప్పడానికి అర్హత అడిగేవారు లేరు. అందుకే ఆ ప్రకటనలో ఎక్కడా ‘ఇకమీదట’ అనే ధోరణి కనిపించదు, ‘ఇది చట్టవిరుద్ధం’ అనే కనిపిస్తుంది. పక్కనపెట్టినవి కూడా వృథా కాలేదు. పార్లమెంటు గడువు 1694లో, రాజద్రోహ విచారణలు 1696లో, న్యాయమూర్తుల పదవీ భద్రత 1701లో విడివిడి చట్టాలుగా వచ్చాయి.

ప్రకటన కట్టుబడి చూడండి. ముందు భాగంలో జేమ్స్ చేసిన తప్పులు వరసగా ఉంటాయి. తర్వాత పదమూడు హక్కులు, దాదాపు అదే వరసలో. ఎదురెదురుగా పెట్టి చదివితే ఏ తప్పుకు ఏ కట్టడో తెలిసిపోతుంది. మన రిజిస్ట్రేషను దస్తావేజుల్లో పొలానికి తూర్పున ఫలానావారి గట్టు, పడమర కాలువ అని హద్దులు రాసినట్టే, ఇక్కడ రాజు అధికారం ఎక్కడ ఆగుతుందో జరిగిన సంఘటనల్ని గుర్తుగా పెట్టి రాశారు. స్వేచ్ఛ అంటే ఏమిటి, మనిషి పుట్టుకతో ఏమవుతాడు వంటి మాటలు ఇందులో లేవు. దాదాపు ప్రతి అంశం వెనుకా ఒక కేసు ఉంది, దెబ్బతిన్న ఒక మనిషి ఉన్నాడు.

అయిదో అంశం రాజుకు అర్జీ పెట్టుకునే హక్కు. అర్జీ పెట్టినందుకు ఎవరిని నిర్బంధించినా, విచారించినా చట్టవిరుద్ధం అంటుంది. 1688 మే నెలలో ఏడుగురు బిషప్పులు, రాజు తెచ్చిన మత ప్రకటనను చర్చిల్లో చదివించలేమని వినయంగా అర్జీ ఇచ్చారు. జేమ్స్ దాన్ని రాజద్రోహపు రాతగా లెక్కకట్టి వారిని లండన్ టవర్‌లో పెట్టించాడు. జూన్ 30న జ్యూరీ వారిని విడిచిపెట్టింది. న్యాయమూర్తి పావెల్, చట్టాన్ని పక్కనపెట్టే అధికారం రాజుకు ఉందంటే ఇక పార్లమెంటుతో పనేముందని ధర్మాసనం మీదే అన్నాడు, పదవి పోగొట్టుకున్నాడు. బిషప్పుల తరఫు న్యాయవాదుల్లో అందరికన్నా చిన్నవాడు సోమర్స్. కోర్టులో తాను వాదించిన మాటనే ఎనిమిది నెలలు తిరక్కుండా దేశపు శాసనానికి అందించాడు.

తొమ్మిదో అంశానిదీ ఇలాంటి కథే. విలియం విలియమ్స్ కామన్స్ సభ స్పీకరుగా ఉండగా 1680లో సభ ఆదేశం మేరకు ఒక పత్రాన్ని అచ్చు వేయించాడు. అందులో అప్పటికి ఇంకా రాజు కాని జేమ్స్ మీద ఆరోపణలున్నాయి. జేమ్స్ గద్దె ఎక్కాక, 1686లో, కింగ్స్ బెంచ్ కోర్టు విలియమ్స్‌కు 10,000 పౌండ్ల జరిమానా వేసింది. ఆ గాయం మీద కట్టిన కట్టే ఈ అంశం. పార్లమెంటులో మాటనూ, చర్చనూ, సభా వ్యవహారాన్నీ సభ బయట ఏ కోర్టులోనూ, ఏ చోటా ప్రశ్నించరాదంటుంది. రాసినవారు కోర్టు దగ్గర ఆగలేదు, ‘ఏ చోటా’ అని కలిపారు. రేపు రాజు కోర్టు కాని మరో పీఠాన్ని సృష్టిస్తే? వారు ఆ దారి కూడా మూశారు.

నేను మళ్లీ మళ్లీ చదివే చోటు మాత్రం మొదటి రెండు అంశాలే. ఫిర్యాదుల భాగంలో ఈ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. రాజు చట్టాలను నిలిపివేసే అధికారాన్నీ, చట్టం నుంచి కొందరిని మినహాయించే అధికారాన్నీ చేజిక్కించుకున్నాడని. హక్కుల భాగానికి వచ్చేసరికి దాన్ని రెండుగా చీల్చారు. చట్టాన్ని మొత్తంగా నిలిపివేయడం, పార్లమెంటు సమ్మతి లేకుండా, అక్రమం. అంతే, మినహాయింపు లేదు. రెండోదానికి వచ్చేసరికి కలం ఒక్క క్షణం ఆగుతుంది. ఒక మనిషిని చట్టం నుంచి మినహాయించే అధికారం ‘ఈమధ్య వాడిన తీరులో’ అక్రమం అన్నారు. ఆ చిన్న షరతు ప్రభువుల సభ పట్టుబట్టి చేర్పించినది.

అదెందుకో తెలియాలంటే ఎడ్వర్డ్ హేల్స్ కేసు గుర్తు చేసుకోవాలి. ఆయన కాథలిక్ సైనికాధికారి. చట్టం కోరిన ప్రమాణం చేయకుండా కొలువులో చేరాడు. ఆయన బండి తోలే గాడెన్ చేతనే ఆయన మీద కేసు వేయించారు, తీర్పు రాజు వైపు వచ్చేలా. 1686లో పన్నెండుమంది న్యాయమూర్తుల్లో పదకొండుమంది రాజుకు ఆ అధికారం ఉందన్నారు. అంతకుముందే జేమ్స్ తనకు ఒప్పని న్యాయమూర్తులను మార్చేశాడు. అయినా మినహాయింపు అనేది శతాబ్దాలుగా ఉన్నదే. ఒక్కోసారి చట్టం గుడ్డిగా ఎవరినైనా నలిపేస్తే రాజు ఆదుకునే దారి అది. దాన్ని వేరుతో పెకిలిస్తే పాత హక్కుల్నే చెబుతున్నామన్న వారి మాట అబద్ధమవుతుంది. వదిలేస్తే జేమ్స్ గెలిచినట్టే. ‘ఈమధ్య వాడిన తీరులో’ అన్నప్పుడు జబ్బుపడ్డ కొమ్మ ఒక్కటే తెగింది. ప్రకటన డిసెంబరు 16న చట్టంగా మారినప్పుడు ఆ కొమ్మ మొదలు సంగతి కూడా చూసుకున్నారు. ఇక చట్టమే అనుమతిస్తే తప్ప మినహాయింపు చెల్లదని వేరే నిబంధన చేర్చారు. అప్పటికి వారు నిజమైన పార్లమెంటు, పక్కన రాజు ఉన్నాడు, కొత్త చట్టం చేయవచ్చు. ఏ రోజు ఎంత మాట అనగలరో అంతే అన్నారు.

రెండు భాగాలూ అచ్చు గుద్దినట్టు సరిపోవు కూడా. సైనికులను పౌరుల ఇళ్లలో దించడం ఫిర్యాదుల్లో ఉంది, హక్కుల్లో లేదు. శాంతికాలంలో పార్లమెంటు సమ్మతి లేకుండా సైన్యాన్ని పోషించడం చట్టవిరుద్ధం అన్నంతవరకే ఉంది. మరోపక్క, పార్లమెంటును తరచు సమావేశపరచాలన్న పదమూడో అంశానికి ఫిర్యాదుల్లో జంట లేదు. రెండవ చార్లెస్ తన చివరి నాలుగేళ్లూ పార్లమెంటు లేకుండానే గడిపాడు. జేమ్స్ తనదాన్ని 1685 నవంబరులో ఆపేసి 1687లో రద్దు చేశాడు. అయినా దాన్ని నేరంగా చూపకుండా చివర్న హక్కుగా చేర్చారు. తక్కిన పన్నెండింటినీ ఎవరు కాపాడతారన్న ప్రశ్నకు నాకు అదే జవాబుగా కనిపిస్తుంది.

ప్రకటన మౌనంగా ఉన్న చోటు ఒకటుంది. రాజును ఎవరు దించారు? పార్లమెంటు దించిందని ఎక్కడా లేదు. జేమ్స్ తనంతట తానే ప్రభుత్వాన్ని వదిలేశాడనీ, అందువల్ల సింహాసనం ఖాళీ అయిందనీ రాశారు. ప్రభువుల సభ దీనికి మొదట ఒప్పుకోలేదు. ఖాళీ అంటే వారసత్వం తెగినట్టే కదా అని వారి భయం. ఫిబ్రవరి 6 దాకా వాదన సాగి, చివరికి తలొగ్గారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో స్కాట్లండ్ సభ మాత్రం జేమ్స్ తన దుష్కార్యాల వల్ల రాజ్యాన్ని పోగొట్టుకున్నాడని నేరుగా ప్రకటించింది. ధైర్యంలో స్కాట్లండ్ మాటే గొప్పది. కానీ రాజంటే భక్తి ఉన్నవాళ్లనూ, రాజంటే మండిపడేవాళ్లనూ ఒకే వాక్యం కింద నిలబెట్టింది ఇంగ్లీషువారి మాట. నా తూకంలో పనితనం అటే మొగ్గుతుంది.

ఈ దస్తావేజుకు చీకటి భాగం ఉంది, దాన్ని దాచడం సరికాదు. ఆయుధాలు ఉంచుకునే హక్కు ప్రొటెస్టెంట్లకే, అదీ వారి వారి అంతస్తును బట్టి. కాథలిక్కులకు సింహాసనాన్ని శాశ్వతంగా మూసేశారు. కాథలిక్‌ను పెళ్లాడినా రాజ్యానికి అనర్హత, అది తొలగడానికి 2013 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఓటున్నవారు జనంలో కొద్దిమందే. ‘రక్తపాతం లేని విప్లవం’ అన్నా ఐర్లండ్‌లో నెత్తురు పారింది, 1690లో బోయ్న్ నది ఒడ్డున పెద్ద యుద్ధమే జరిగింది.

మరి రాజు మాట తప్పితే? ప్రకటనలో శిక్ష లేదు. ఆ కోరలు వేరే చోట మొలిచాయి. జేమ్స్‌కు సుంకాల ఆదాయాన్ని జీవితకాలానికి ఇచ్చి చేయి కాల్చుకున్న పార్లమెంటు, 1690లో విలియంకు నాలుగేళ్లకే ఇచ్చింది. సైన్యంలో క్రమశిక్షణకు అవసరమైన చట్టాన్ని కొద్దికాలపు గడువుతో చేసి మళ్లీ మళ్లీ పొడిగించడం మొదలుపెట్టింది. డబ్బు కోసం, సైన్యం కోసం రాజు సభ ముందుకు రాక తప్పలేదు. 1689 నుంచి అక్కడ పార్లమెంటు సమావేశం కాని సంవత్సరం లేదు.

ఆ రాత అక్కడితో ఆగలేదు. అమితమైన జామీను, అమితమైన జరిమానా, క్రూరమైన శిక్షలు కూడదన్న పదో అంశం 1791లో అమెరికా రాజ్యాంగంలోకి దాదాపు ఉన్నదున్నట్టుగా వెళ్లింది. మన రాజ్యాంగంలో 105, 194 అధికరణాలు తొమ్మిదో అంశం సంతానమే. 1993 అవిశ్వాస తీర్మానం నాటి ముడుపుల ఆరోపణలతో పుట్టిన పి.వి.నరసింహారావు కేసులో, డబ్బు తీసుకుని ఓటు వేసిన సభ్యులకు కూడా ఆ రక్షణ ఉందని 1998లో సుప్రీంకోర్టు 3:2 మెజారిటీతో చెప్పింది. పి.వి. తర్వాత 2002లో నిర్దోషిగా బయటపడ్డారు. కానీ ఆ న్యాయసూత్రం నిలిచే ఉండి, 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా కొట్టివేసేదాకా సాగింది. సభలో మాటకు ఇచ్చిన రక్షణ లంచానికి గొడుగు కాదని తేల్చింది. రాజు చేతిలో దెబ్బతిన్న ఒక స్పీకరు కోసం పుట్టిన వాక్యం ఎంతవరకు వర్తిస్తుందో తేల్చడానికి మన కోర్టుకు పాతికేళ్లకు పైగా పట్టింది.

మన రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభల్లోనూ సభాహక్కుల మాట వినని సమావేశం అరుదు. న్యాయశాస్త్రం బోధించే అధ్యాపకులకు నా విన్నపం ఒకటే: ఈ పదమూడు అంశాలనూ, వాటి ముందున్న ఫిర్యాదులనూ పక్కపక్కన పెట్టి విద్యార్థుల చేత ఒక్కసారి చదివించండి. మూలపాఠం బ్రిటన్ ప్రభుత్వ చట్టాల వెబ్‌సైటులో ఉచితంగా ఉంది. చదవడానికి ఒక్క తరగతి సమయం చాలు.