'డబుల్ హెలిక్స్': భౌతిక సత్యం, భావవాద కథనం

జేమ్స్ వాట్సన్ 1968లో ప్రచురించిన 'ది డబుల్ హెలిక్స్'ను సైన్సు విద్యార్థులు తమ పుస్తకమనుకుంటారు. సాహిత్య విద్యార్థులు దాని జోలికి పోరు. నిజానికి ఆ పుస్తకంలో రసాయనశాస్త్రం తక్కువ, కథ ఎక్కువ. ఉత్తమ పురుషలో నడిచే ఆ కథలో నాయకుడున్నాడు, అడ్డుపడే పాత్ర ఉంది, పందెం ఉంది, చివర గెలుపు ఉంది. కాబట్టి నవలకూ కథకూ వాడే కొలబద్దతోనే దాన్ని కొలవాలని నా వాదం.

ముందు వస్తువు సంగతి. వంశపారంపర్య లక్షణాలను మోసే అణువు డి.ఎన్.ఎ. మెలితిరిగిన నిచ్చెనలాగా అందులో రెండు గొలుసులుంటాయి. నిచ్చెన మెట్ల దగ్గర అడినిన్‌కు ఎదురుగా థైమిన్, గ్వానిన్‌కు ఎదురుగా సైటోసిన్ మాత్రమే అమరుతాయి. అంటే ఒక గొలుసులోని వరస తెలిస్తే రెండోదాని వరస తెలిసినట్టే. కణం విభజన చెందే ముందు గొలుసులు రెండూ విడిపోతాయి. ఒక్కొక్కటీ తనకు సరిపడే కొత్త జతను కూర్చుకుంటుంది. 1953లో ఈ నిర్మాణం బయటపడటంతో, తల్లిదండ్రుల పోలిక బిడ్డకు ఎట్లా వస్తుందన్న ప్రశ్నకు ఆత్మతోగాని ప్రాణశక్తితోగాని పనిలేని జవాబు దొరికింది. భౌతికవాదానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం ఈ శతాబ్దాలలో అరుదు.

అయితే ఆ సత్యాన్ని వాట్సన్ చెప్పిన తీరు పూర్తిగా భావవాదపు తీరు. అతని కథలో ఆవిష్కరణ అంటే మేధావి బుర్రలో తళుక్కుమనే మెరుపు. కాలిఫోర్నియాలో లైనస్ పాలింగ్ ముందుగా చేరిపోతాడేమోనన్న ఆందోళన కథను పరుగెత్తిస్తుంది. ప్రకృతి రహస్యం ఇక్కడ ఎవరు ముందు తాకితే వారిదయ్యే బహుమతి. పెట్టుబడిదారీ సమాజంలోని పోటీయే విజ్ఞానశాస్త్రపు సహజ స్వభావమన్నట్టు పాఠకుడికి అనిపిస్తుంది.

పుస్తకానికి ఉన్న గుణాన్ని కాదనను. అంతకు ముందు శాస్త్రజ్ఞుల కథలంటే ఎక్కువగా మహర్షుల కథలే. వాట్సన్ ప్రయోగశాల తలుపు తెరిచి అసూయలనూ తొందరపాట్లనూ చూపించాడు. 1951లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రసంగానికి వెళ్లి ఏమీ రాసుకోలేదనీ, నీటి పరిమాణాన్ని తప్పుగా గుర్తుపెట్టుకోవడంతో తమ మొదటి నమూనా ఘోరంగా విఫలమైందనీ తానే చెప్పుకున్నాడు. క్రిక్, విల్కిన్స్ అభ్యంతరం చెప్పగా హార్వర్డ్ విశ్వవిద్యాలయ ప్రచురణ విభాగం వెనక్కి తగ్గింది, మరో సంస్థ అచ్చువేసింది. సహచరులనే అంతగా నొప్పించిన రచనలో కొంత నిజాయితీ లేకపోలేదు. కాని నిజాయితీ వేరు, వాస్తవికత వేరు. రచయిత తన మనసులో ఉన్నదంతా దాచకుండా చెప్పినంత మాత్రాన వాస్తవం చెప్పినట్టు కాదు.

ఇక వాస్తవం. 1869లో మీషర్ అనే యువకుడు గాయాల కట్లకు అంటిన చీము కణాల నుంచి ఈ పదార్థాన్ని మొదట వేరుచేశాడు. 1944లో న్యూయార్క్‌లో ఎవరీ, మెక్లియోడ్, మెకార్టీ వంశపారంపర్య గుణాన్ని మార్చేది డి.ఎన్.ఎ.యే అని బాక్టీరియాలో చూపారు. అడినిన్ ఎంతో థైమిన్ అంత, గ్వానిన్ ఎంతో సైటోసిన్ అంత ఉంటాయని చార్గాఫ్ కొలిచి చెప్పాడు. లండన్ కింగ్స్ కాలేజీలో వాడిన మేలైన నమూనా, స్విట్జర్లండ్‌లో సిగ్నర్ దూడ థైమస్ గ్రంథి నుంచి తయారుచేసి ఉచితంగా పంచిపెట్టినది. 1952 మేలో ఫ్రాంక్లిన్ పర్యవేక్షణలో విద్యార్థి రేమండ్ గాస్లింగ్ తీసిన 51వ నంబరు ఎక్స్‌రే ఫొటోకు 60 గంటలకు పైగా ఎక్స్‌రేలు పట్టవలసి వచ్చింది. కేంబ్రిడ్జిలో నమూనా కట్టడానికి కావలసిన లోహపు ముక్కలు వర్క్‌షాప్ కార్మికులు చేశారు. వాట్సన్ కథలో వారి శ్రమ ఒక ఆలస్యంగా మాత్రమే పాత్ర వహిస్తుంది. వీరిలో కొందరి పేర్లు పుస్తకంలో లేకపోలేదు. కాని నాయకుడు కాలుపెట్టి ఎక్కే మెట్లుగానే వస్తారు.

పాత్ర చిత్రణలో ఈ దృక్పథం మరీ నగ్నంగా కనిపిస్తుంది. ఫ్రాంక్లిన్‌ను అతను పుస్తకం పొడవునా 'రోజీ' అంటాడు. ఆమె ఎదుట ఎవరూ అలా పిలిచినవారు కారు. ఆమె లెక్కల కంటే ఆమె దుస్తుల మీద, లిప్‌స్టిక్ లేకపోవడం మీద అతనికి చూపు ఎక్కువ. ఫాస్ఫేట్లు గొలుసుకు వెలుపలి వైపున ఉండాలని 1951లోనే చెప్పిన శాస్త్రజ్ఞురాలు, ఈ కథలో కోపిష్టి మనిషిగా మిగిలింది. చివర రాసిన ఉపసంహారంలో ఆమెను మెచ్చుకున్నాడు నిజమే. కాని కథ అంతా ఒక ముద్ర వేశాక, నాలుగు వాక్యాల సంతాపం ఆ ముద్రను చెరపలేదు. ఆమె 1958లో 37వ ఏట చనిపోయింది. 1962 నోబెల్ బహుమతి వాట్సన్, క్రిక్, విల్కిన్స్‌లకు వచ్చింది. 1968 నాటికి జవాబు చెప్పడానికి ఆమె లేదు.

1975లో ఆన్ సేయర్ తన స్నేహితురాలి పక్షాన జవాబు రాసింది. ఆ జవాబు అవసరమైనదే. కాని తరువాత దాని చుట్టూ పెరిగిన ప్రచారకథను మన అభ్యుదయ పాఠకులు కూడా విమర్శ లేకుండా స్వీకరించారు. ఒక ఫొటో, ఒక దొంగ, ఒక బాధితురాలు. నాయకుడి స్థానంలో అమరురాలిని కూర్చోబెట్టారుగాని, కథ చట్రం మారలేదు. మెరుపు మెరుపుగానే ఉంది, అది ఎవరి జేబులోనిదన్నదే తగాదా. ఆ ఫొటోను చూడగానే రహస్యం విడిపోయిందన్నది వాట్సన్ కథన సౌలభ్యం కోసం పెంచిన ఘట్టమని 2023లో మాథ్యూ కాబ్, నథానియల్ కంఫర్ట్ వాదించారు. నలుగురు కలిసి సాధించినదానిలో ఫ్రాంక్లిన్ సమాన భాగస్వామి అని వారి నిర్ణయం. గొలుసులు రెండూ ఎదురెదురు దిశల్లో నడుస్తాయని క్రిక్ గ్రహించింది కూడా ఆ ఫొటో వల్ల కాదు. మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ నివేదికలో ఉన్న ఆమె కొలతల వల్ల. అది రహస్య పత్రం కాదని దాన్ని ఇచ్చిన పెరుట్జ్ 1969లో సమర్థించుకున్నాడు. ఆమెకు చెప్పకుండా వాడుకోవడం అన్యాయమే. కాని ఆమె పనిని ఒక్క ఫొటోకు కుదించడం రెండో అన్యాయం.

1953లో ఆమె బర్క్‌బెక్ కాలేజీకి, మార్క్సిస్టు శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్ విభాగానికి వెళ్లింది. అక్కడ చిన్న బృందంతో పొగాకు మొజాయిక్ వైరస్ నిర్మాణాన్ని శోధించింది. ఆ బృందంలోని ఆరన్ క్లుగ్‌కు 1982లో నోబెల్ వచ్చింది. ఆమె జీవితంలోని ఈ ఫలవంతమైన ఐదేళ్లు నాయక కథకూ పనికిరాలేదు, బాధితురాలి కథకూ పనికిరాలేదు. ఏ కథ ఏ వాస్తవాన్ని వదిలేస్తుందో చూస్తే దాని దృక్పథం తెలుస్తుంది.

మేధావి పూజకు ఫలితం కూడా చూశాం. వాట్సన్ నల్లజాతివారి తెలివితేటల గురించి 2007లో జాత్యహంకార వ్యాఖ్యలు చేశాడు. వాటినే మళ్లీ సమర్థించుకోవడంతో 2019లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాల అతని గౌరవ పదవులను రద్దుచేసింది. అతను 2025లో చనిపోయాడు. ఒక అణువును గురించి సరిగా చెప్పినవాడు అన్నిటి గురించీ సరిగానే చెబుతాడన్న భ్రమను పెంచినవాటిలో ఇటువంటి కథలూ ఉన్నాయి.

ఇదంతా ఇంగ్లండు గొడవ అని తెలుగు రచయితలు తప్పించుకోలేరు. జీవకణానికి శక్తినందించే ఎ.టి.పి. అణువును 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా గుర్తించాడు. మన వ్యాసాల్లో ఫిస్క్ ఉండడు, లోమన్ ఉండడు, కండరాలలోని ఫాస్ఫరస్‌ను కొలవడానికి పట్టిన ఏళ్ల పని ఉండదు. నోబెల్ రాని మన మహానుభావుడి కన్నీటి గాథ ఒక్కటే ఉంటుంది. వేర్వేరు దేశాల్లో ఒకే సంవత్సరం ఒకే అణువు ఎందుకు దొరికిందని అడిగినవాడే శాస్త్ర చరిత్రలోకి అడుగుపెడతాడు.

శాస్త్రజ్ఞులను గురించి రాయవద్దని నేననను. రాయాలి. పేర్లు తీసేసి 'సమష్టి కృషి' అని ఒక్క మాటతో సరిపెట్టడం కూడా సోమరితనమే. ఎవరు ఏ నమూనా తెచ్చారు, ఎవరు ఏది కొలిచారు, ఎవరు ఎక్కడ తప్పారు, ఎవరి డబ్బుతో జరిగింది, ఎవరి పేరు ఎందుకు రాలేదు అన్న ప్రశ్నలన్నిటికీ కథలో చోటు దొరికే శిల్పం కావాలి. అది కష్టమైన శిల్పం. రైతు గురించీ కార్మికుడి గురించీ రాసేటప్పుడు శ్రమను చూడగలిగిన మన రచయిత, ప్రయోగశాల గడప దగ్గరికి వచ్చేసరికి చెప్పులు విడిచి దండం పెడుతున్నాడు. ముందు ఆ దండం మానాలి.