ఖౌల్ : పలుకు నుండి ప్రతిన వరకు

ఉర్దూ, పంజాబీ, బలూచీ భాషలు మూడింటికీ ఉమ్మడి సొత్తయిన పదాలలో 'ఖౌల్' ఒకటి. 'ఖాఫ్, వావ్, లామ్' అనే అరబ్బీ ధాతువు దీనికి మూలం. పలకటం దాని అర్థం. దివ్య ఖుర్ఆన్‌లో పలుచోట్ల వినవచ్చే 'ఖుల్' అనే ఆజ్ఞ, మన ఎరుకలోని 'ఖవ్వాలీ' కూడా ఈ ధాతువు నుండి పుట్టినవే.

అరబ్బీలో వాగ్దానానికి 'వఅద్', ఒడంబడికకు 'అహద్' వేరుగా ఉన్నాయి గనుక, ఖౌల్‌ను ప్రతిన అనే అర్థంలో వాడటం అపభ్రంశమని వాదించవచ్చు. కాని ఆ వాదం నిలువదు. పలికిన మాటకు పలికినవాడే పూచీ అన్న భావం నుండి ఈ అర్థం వికసించింది. ఉర్దూ 'ఖౌల్-ఓ-ఖరార్', పంజాబీ 'కౌల్ కరార్' ఇందుకు నిదర్శనాలు. అయితే ధ్వనిసామ్యాన్ని నమ్మి మోసపోరాదు. పంజాబీలో తామరపువ్వును తెలిపే 'కౌల్' సంస్కృత 'కమల' నుండి వచ్చినది. దానికి దీనితో చుట్టరికం లేదు.

అర్థభేదంలోనే అసలు సమస్య ఉన్నది. ఫిఖహ్‌లో ఖౌల్ అంటే పండితుని అభిప్రాయం. ఇమామ్ షాఫియీ ఇరాఖ్‌లో వెలిబుచ్చినవి 'ఖౌలె ఖదీమ్', ఈజిప్టులో సవరించి చెప్పినవి 'ఖౌలె జదీద్'. మాట మార్చుకోవటం అక్కడ విద్వాంసుని నిజాయితీ. బలూచీ వీరగాథలలోనో, మాట మార్చటమే మరణతుల్యం. మీర్ చాకర్ రింద్ సహచరుడు జారో, తన గడ్డం ముట్టినవానిని చంపుతానని ప్రతిన పూనాడట. ఆ మాటకై తనవారిని సైతం విడువలేదని గాథ చెబుతుంది.

ఈ గాథను మాట నిలకడకు ఆదర్శంగా మాత్రమే మెచ్చుకుంటే విమర్శ సగంలో ఆగినట్లే. ప్రమాణం చేసినవానికి అంతకంటే మేలైనది కనిపిస్తే, ఆ మేలే చేసి ప్రమాణానికి పరిహారం చెల్లించాలని ప్రవక్త (సఅసం) బోధించారు. కనుక ఖౌల్ గౌరవం మొండితనంలో లేదు, న్యాయంలో ఉన్నది. అభిప్రాయం సత్యానికి బద్ధం. వాగ్దానం ధర్మానికి బద్ధం.

ఈ పదం తెలుగునాటికీ వచ్చింది. 'కౌలు', 'కౌలుదారు', 'కౌలునామా' దాని సంతతే. కాగితం లేకుండా నోటిమాటపైనే పొలం సాగుచేసే కౌలురైతుకు ఖౌల్ నిఘంటువులోని పదం కాదు, అతని బ్రతుకుతెరువు. పొలం యజమాని ఆ మాట తప్పితే పోయేది పదం పరువు మాత్రమే కాదు, ఒక కుటుంబం కూడు.