మోకాలికి పథ్యం

పొద్దున్నే ఫిల్టర్లో డికాక్షన్ దిగేలోపు, వంటింటి గుమ్మం పక్కనున్న చెక్క కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చుంటాను. ఆరేళ్ల నుంచీ ఇదే వరస. మొదలుపెట్టిన రోజు రెండోసారికే తొడలు వణికాయి. మూడోసారికి గోడ పట్టుకున్నాను. అప్పుడు నాకు 52. మా ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు ఆగిపోయిన రోజున ఎక్కడం కన్నా దిగడం కష్టంగా ఉండేది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఆ తేడా విడమరచి చెప్పక్కర్లేదు.

నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది మా అమ్మ మోకాళ్లు. అమ్మకు 70వ ఏట ఎక్స్‌రే తీసి, "గుజ్జు అరిగిపోయిందమ్మా, నడక తగ్గించండి" అన్నారు. ఆ మాట ఆవిడ మనసులో నాటుకుపోయింది. గంధపు చెక్క సాన మీద అరగదీసినకొద్దీ తరిగిపోతుంది కదా, మోకాలూ అంతేననుకుంది. మిగిలిన కాస్తా దాచుకోవాలని మంచం పట్టెమీదే రోజులు గడిపింది. పెరట్లో తులసికోట దగ్గరికి వెళ్లడం కూడా మానేసింది. నీళ్లు మేమే పోసేవాళ్లం.

నడక ఆగింది, పథ్యం మొదలైంది. వంకాయ వాతం, బంగాళదుంప వాతం, శనగపప్పు వాతం. పులుపు కీళ్లకు పడుతుందని గోంగూర పోయింది. చలవ చేస్తుందని పెరుగు పోయింది. చూడటానికొచ్చిన చుట్టం ఎవరైనా ఇంకొకటి మానమని చెప్పి వెళ్లేవారు. కంచంలో చివరికి మిగిలింది అన్నం, బీరకాయ, చారు. నాలుగేళ్లలో అమ్మ తొమ్మిది కిలోలు పెరిగింది, తొడలు మాత్రం చిక్కిపోయాయి. ఒళ్లు బరువెక్కుతుంటే మోసే కండ కరిగిపోతోందని మాలో ఎవరికీ తట్టలేదు. ఇప్పటికీ ఆ నాలుగేళ్లు తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆ చివరి ఏడాదే ఎవరో చెప్పారని ఒకతని దగ్గర పొడి తెప్పించాం. పొట్లాం మీద పేరు లేదు, అందులో ఏముందో రాసి లేదు. మూడు రోజుల్లో నొప్పి మాయమైంది. అమ్మ లేచి వంట చేసింది. మూడో నెలకు మొహం గుండ్రంగా ఉబ్బింది, ఎన్నడూ లేని షుగరు వచ్చింది. రక్తపరీక్షలు చూసిన డాక్టరు పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటారన్నారు. ఒక్కసారిగా ఆపినా ప్రమాదమేనని, ఒంట్లో సహజంగా ఊరాల్సిన స్టెరాయిడ్ మళ్లీ ఊరేదాకా మాత్ర ఇచ్చి మెల్లమెల్లగా తగ్గించారు. మీ ఇంట్లో ఇలాంటి పొట్లాం ఉంటే, అది ఎంత బాగా పనిచేస్తుంటే అంత అనుమానించండి. ఊరికే పారేయకండి, డాక్టరుకు చూపించండి.

మమ్మల్ని గట్టెక్కించింది ఒక ఫిజియోథెరపిస్టు. ఇరవై ఆరేళ్ల అమ్మాయి. అమ్మ మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, "అమ్మమ్మగారూ, దీన్ని మోకాలితో మంచానికేసి నొక్కండి, అయిదు లెక్కపెట్టి వదలండి" అంది. మనం గుజ్జు అంటామే, దానికి రక్తనాళాలు ఉండవట. కీలు లోపలి జిగట ద్రవమే దానికి తిండి. బరువు పడినప్పుడు పిండినట్టు నీరు బయటికి పోతుంది, బరువు తీసినప్పుడు మళ్లీ పీల్చుకుంటుంది. కదలకపోతే ఆ రాకపోకలు తగ్గుతాయి. అమ్మ గంధపు చెక్క లెక్క తలకిందులైంది. తొడ ముందుభాగపు కండరం గట్టిగా ఉంటే అడుగు వేసినప్పుడు పడే దెబ్బలో కొంత అది కాస్తుంది. ఎంత నొప్పి వరకు చేయవచ్చో కూడా ఆ అమ్మాయే చెప్పింది: చేసేటప్పుడు కాస్త నొప్పి ఫరవాలేదు, మర్నాటికీ తగ్గకపోయినా మోకాలు వాచినా మోతాదు తగ్గించాలి. నాకు తెలిసిన వైద్యసలహాల్లో ఇంత పనికొచ్చినది మరొకటి లేదు.

ఆ రోజే నా మోకాళ్లూ చూపించుకున్నాను. వ్యాయామంతోపాటు బరువు తగ్గాలంది. 2005లో అమెరికాలో మోకాళ్ల అరుగుదల ఉన్న స్థూలకాయుల మీద చేసిన అధ్యయనం ఒకటుంది. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగుకు మోకాలి మీద పడే బరువు దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని తేలింది. నేను ఏడాదిన్నరలో ఆరు కిలోలు తగ్గాను. అంటే అడుగడుగునా ఇంచుమించు పాతిక కిలోల బియ్యం బస్తా దించుకున్నట్టు. ఈ లెక్క వేసుకున్న రోజు నేను నిజంగా ఏడ్చాను. అమ్మకు ఆ నాలుగేళ్లలో అన్నమూ బీరకాయా పెట్టి అలాంటి బస్తాలు ఎన్ని ఎత్తామో కదా.

ఏమీ మానలేదు నేను. కంచంలో వరస మార్చాను. ముందు గిన్నెడు కూర, చిక్కటి పప్పు లేదా రెండు గుడ్లు, ఆ తర్వాత అన్నం. అన్నం అప్పటికి దానంతటదే సగానికి వచ్చేది. సాయంత్రం జంతికల డబ్బా బదులు ఉడకబెట్టిన శనగలు. వారానికి రెండుసార్లు చేప, మునగాకు పప్పు, రాత్రికి పెరుగు. కండ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. అమ్మ చేత మానిపించిన పప్పూ పెరుగే అందుకు ఆధారం. వంకాయ తిన్న మర్నాడు ఎవరికైనా నిజంగా నొప్పి పెరిగితే వాళ్లు మానుకోవచ్చు, కానీ అందరి కంచాల్లోంచీ దాన్ని తీసేయడానికి ఆధారం లేదు.

మాత్రల మాటకొస్తే, గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మా ఇంట్లోనూ రెండేళ్లు కొన్నాం. 2006లో అమెరికాలోనే 1,583 మంది మీద ఆరు నెలలు చేసిన పెద్ద పరీక్షలో, మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్రల కన్నా అవి చెప్పుకోదగ్గ మేలు చేయలేదు. ఆ డబ్బుతో ఇప్పుడు గుడ్లు, చేపలు కొంటున్నాను. పసుపు సంగతి వేరు, అది నాకిష్టం. కానీ పసుపులో కర్కుమిన్ ఉండేది నూటికి సుమారు మూడు పాళ్లు, అదీ ఒంటికి సరిగా పట్టదు. మిరియాల్లోని పైపరిన్ తోడైతే బాగా ఎక్కుతుందని బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీవాళ్లు 1998లోనే చూపించారు. చారులో పసుపూ మిరియమూ కలిపి వేసుకోవడం మన అలవాటే. గుప్పెడు పసుపు సారాన్ని ఒక్క గొట్టంలో కుక్కిన మాత్రల దగ్గర మాత్రం జాగ్రత్త. వాటితో కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు అడగకుండా ముట్టకూడదు. డి విటమిన్ తక్కువుంటే వేసుకోవాల్సిందే, అది ఎముకల కోసం. గుజ్జును పెంచదు.

ఇంతవరకూ చెప్పింది వయసుతో వచ్చే అరుగుదల గురించి. ఇంకో జబ్బుంది, దాని గురించి చెప్పకపోతే తప్పు చేసినదాన్నవుతాను. మా అక్క కూతురికి 32వ ఏట పొద్దున లేస్తే గంటన్నర దాకా వేళ్లు ముడుచుకునేవి కావు. పాలప్యాకెట్ చింపలేకపోయేది. రెండు చేతుల కణుపులూ ఒకేలా వాచాయి. అత్తవారు, మేమూ కలిసి ఎనిమిది నెలలు పథ్యం చేయించాం, వావిలాకు కాపడం పెట్టాం. అది రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటిని కాపాడాల్సిన రక్షణవ్యవస్థే కీళ్ల పొరల మీద పడే జబ్బు. తిండి దాన్ని ఆపలేదు. వైద్యం ఎంత త్వరగా మొదలైతే కీళ్లు అంతగా నిలుస్తాయి. మా ఎనిమిది నెలలకు ఆ పిల్ల రెండు వేళ్లు వంకరపోయాయి, తిరిగి రాలేదు. ఇప్పుడు వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటుంది. ఆదివారం అని క్యాలెండరులో ఎర్రసిరాతో చుట్టి ఉంటుంది, ఎందుకంటే పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. చేపలు తింటుంది, నడుస్తుంది, అవి మందుకు తోడుగా. పొద్దున్నే బిగుసుకుపోయే కీళ్లు గంటైనా వదలకపోతే దయచేసి ఇంట్లో చర్చలు పెట్టకండి. రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లండి.

పథ్యం అనే మాటలో పథం ఉంది. దారికి తగినది అని దాని అర్థం. మన ఇళ్లలో అది ఎప్పుడో మానేయాల్సిన కూరల జాబితా అయిపోయింది. అమ్మ విషయంలో ఆ మాటను పాత అర్థానికి తిప్పుకోవడానికి మాకు నెలలు పట్టింది. పెరుగు తిరిగొచ్చింది, పప్పు వచ్చింది, ఆవిడ అడిగి మరీ గోంగూర పచ్చడి చేయించుకుంది.

అమ్మకిప్పుడు 80. మోకాళ్లు నొప్పి పెడుతూనే ఉన్నాయి, చలికాలం ఇంకా ఎక్కువ. తులసికి తనే నీళ్లు పోస్తుంది, చేతికర్రతో. ఊరెళ్లినప్పుడు నేను పక్క మంచం మీద పడుకుని ఉంటే, తెల్లవారకముందే తువ్వాలు చుట్ట సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. తర్వాత లెక్క. కళ్లంలో ధాన్యం కొలిచినట్టే లెక్కపెడుతుంది. లాభం, రెండు, మూడు, నాలుగు. అయిదుకు వదిలి ఊపిరి పీలుస్తుంది. ఎన్నిసార్లు నొక్కిందో ఇంకో లెక్క వేళ్ల మీద నడుస్తూనే ఉంటుంది. ఆరు దాటాక ఏడు అనదు, ఆరున్నొక్కటి అంటుంది. అది కూడా గింజలు కొలిచే చేతుల మాటే. ఎనిమిది. తొమ్మిది. నేను కళ్లు తెరవకుండా పదికోసం వింటూ పడుకుంటాను.