వేయిమంది అభిమానుల లెక్క

వైర్డ్ పత్రికకు తొలి కార్యనిర్వాహక సంపాదకుడైన కెవిన్ కెల్లీ 2008వ సంవత్సరమున ‘వేయిమంది నిజమైన అభిమానులు’ అను వ్యాసమును ఆంగ్లమున ప్రకటించెను. కళాకారుడు బ్రతుకుటకు కోట్లకొలది జనులక్కరలేదు. తాను చేసినదెల్ల కొను వేయిమంది చాలును. ఒక్కొక్కరివలన ఏటికి 100 డాలర్లు మిగిలినచో లక్ష డాలర్లగును. ఇదియే ఆయన వాదము. అంతర్జాలమున పాడువారికి, వ్రాయువారికి, బొమ్మలు వేయువారికి ఇది నేటికిని మంత్రోపదేశమువలె నున్నది.

గుణకారమున దోషము లేదు. సంస్థానముల వాకిళ్లలో మన కవులు పడిన పడిగాపులను తలచినచో, ఒక్క జమీందారునకు మాఱు వేయిమంది గృహస్థులు పోషకులగుట మేలే. కాని ఆ వేయిమంది యొద్దకు పోవు దారి యెవరి చేతిలో నున్నది? అభిమాని సొమ్ము నేరుగా కళాకారునికే చేరవలెనని కెల్లీ నియమము. లోకమున జరుగుచున్నది వేఱు. యూట్యూబునందు 2018 మొదలుకొని, వేయిమంది చందాదారులును, పండ్రెండు నెలలలో 4,000 గంటల వీక్షణమును లేనిదే ప్రకటనల రాబడిలో పాలు దొరకదు (పొట్టి వీడియోల లెక్క వేఱు). ఇచ్చటను వేయియే! అయితే ఈ చందాదారుడు చందా కట్టువాడు కాడు. అట్టివారు తమకును కలరని మా సంపాదకులు నవ్వవచ్చును. 2020 జూన్ 29న మన ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధింపగా, అచ్చట లక్షలమందిని కూడగట్టుకొన్నవారికి ఆ శ్రోతల చిరునామాయైనను మిగులలేదు.

కెల్లీ నిజాయితీగలవాడు. రాబర్ట్ రిచ్ అను సంగీతకారుడు తన కష్టములను తెలుపుచు వ్రాసిన లేఖను ఆ యేడే తానే ప్రకటించెను. భద్రతను, సౌఖ్యమును వదలుకొనగలవాడే ఈ దారిని నిలువగలడని రిచ్ అనుభవము. మాకు మూలవ్యాసము కన్న ఈ లేఖయే విలువైనదిగా తోచినది.

అయినను ఇద్దఱును లెక్కింపనిది యొకటి కలదు: ఇంటి చాకిరి. మా పూర్వశిష్యురాలొకతె వీణ వాయించును. వంట ముగించి, వీధిలో సందడి మొదలుకాకముందే రికార్డు చేసికొనవలెను. వీణకు గంటయైనచో, దానిని కత్తిరించి, బొమ్మ కూర్చి, పేరు పెట్టి, వినినవారికి బదులు వ్రాయుటకు నాలుగు గంటలు. మూడేండ్లు శ్రమించినను నెల రాబడి తంతుల వెలకు చాలలేదు. వచ్చిన కొంచెమును భర్త పేరనున్న ఖాతాకు పోయెను. అత్తవారింట దీనికి ‘కాలక్షేపము’ అని పేరు. మాని వేయుదునా యని ఆమె మమ్మడిగినప్పుడు కెల్లీ వ్యాసమును చేతికిచ్చితిమి. అది మా తొందరపాటు.

ఆమె దానిని చదివి, వేయిని విడిచి పండ్రెండుమందిని పట్టుకొనెను. ఇప్పుడు వారికి వీడియోలో పాఠము చెప్పుచున్నది. నలుగురు డల్లాసు పిల్లలగుటచే తెల్లవాఱుజామున నాలుగింటికే లేచును. రుసుము మాత్రము ఆమె పేరనున్న ఖాతాలోనే జమయగుచున్నది.